స్టెంటు పడ్డంక మా బండి ప్లాను

చానా రోజులైంది పెద్ద పోస్టు రాయక. క్యాంపుల ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నరు: "ఏందన్నా, జనవరిల ఇంటిల్లిపాది బండి కట్టుకొని ఊర్లు తిరుగుతరట, ఆ గుండెతోని?" నిజమే. అందరికీ విడివిడిగా చెప్పుడు అయితలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నం. 'మేము' అని రాసుడు మాకు సైటు రిపోర్టు కాన్నుంచి అలవాటు. ఇప్పుడైతే దానికి ఇంకో కారణం కూడా ఉంది. జబ్బు ఒక్క మనిషికి వచ్చింది గానీ మోసింది ఇల్లంతా.

ముందు జబ్బు సంగతి. తెలిసినోళ్లు ఉన్నరు, తెలియనోళ్ల కోసం మళ్లీ.

2024 ఆగస్టు. స్లాబు కాంక్రీటుకు ముందు స్టీలు చెకింగ్ నడుస్తున్నది. పొద్దున పదిన్నర అయితుండొచ్చు. ఛాతీల బరువు పెట్టినట్టయింది. ఎడమ దవడ గుంజింది. చెమటలు పట్టినయి, అయితే ఆగస్టుల ఈ దేశంల చెమట పట్టనిది ఎవరికి? రాత్రి తిన్న బిర్యానీ గ్యాస్ అనుకున్నం. ఈనో తాగినం. పన్నెండున్నరకు మధ్యాహ్నం బ్రేకు ఉంటది కదా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మూడింటి వరకు ఎండల పని బంద్. అప్పటిదాక ఎట్లనో నెట్టుకొద్దామని చూసినం. మా దగ్గర సేఫ్టీ చూసే మలయాళీ పిల్లగాడు మొహం చూసి ఒక్క మాట అడగలేదు, నేరుగా 998 కి కొట్టిండు. ఆ పిల్లగాడు మాట విని ఆగి ఉంటే ఈ పోస్టు రాసేటోళ్లం కాదు.

గుండె నరం ఒకటి మూసుకపోయిందని అదే రోజు స్టెంటు వేసిండ్రు. దుబాయ్ వీసాకు ఇన్సూరెన్సు తప్పనిసరి కాబట్టి పెద్ద బిల్లు మా మీద పడలేదు. సిక్ లీవు లెక్క కూడా అప్పుడే తెలిసింది. ప్రొబేషన్ దాటినోళ్లకు ఏడాదికి 90 రోజులు: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, చివరి 45 రోజులకు జీతం లేదు. ఇరవై ఏండ్లు పని చేసి ఈ ముక్క మేము చదవనే లేదు. మీరు చదివి పెట్టుకోండి.

ఇంతవరకు బాగనే చెప్తున్నం. ఇప్పుడు చెప్పేది సిగ్గుపడే సంగతి.

ఇంటికి చెప్పలేదు. తొమ్మిది రోజులు చెప్పలేదు. బోటిమ్‌ల మాట్లాడినం, నెట్ బాగలేదని వీడియో ఆన్ చేయలేదు. గొంతు ఎందుకట్లుంది అంటే ఏసీ పడిందన్నం. మనలో ఎంతమంది ఇట్ల చేయలేదు చెప్పండి? కాలు విరిగితే బెణికిందంటం, జీతం ఆగితే లేటైతదంటం. ఇంట్లోళ్లు భయపడొద్దని చేస్తం. పదో రోజు మా ఊరి మనిషి ఒకాయన, సోనాపూర్ క్యాంపుల ఉంటడు, ఆయన ఊర్లె తమ్మునికి చెప్పిండు. ఆ తమ్ముడు కల్లు మండువ కాడ చెప్పిండు. అక్కడ్నుంచి మా ఇంటికి ఎంత దూరం?

ఇంటామె ఫోన్ చేసి ఏడ్వలేదు. ఒకటే అడిగింది. "నువ్వు ఉన్నా పోయినా నాకు మూడో మనిషే చెప్పాల్నా?"

దానికి ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఊరికి పోయి రెండున్నర నెలలు ఉన్నం. సిగరెట్ బంద్. ఊరగాయ బంద్. పొద్దున చెరువు కట్ట మీద నడక. 86 కిలోల మనిషిమి 72 కు వచ్చినం. అప్పుడే ఒక రాత్రి ఇద్దరం కూర్చొని లెక్క తీసినం. పెండ్లయి 19 ఏండ్లు. లీవులన్నీ కలిపితే ఒక్క ఇంట్ల ఉన్నది ఇరవై నెలల పైచిలుకు. కరోనాల ఒక లీవు పోయింది. ఉన్న నెలల్లో కూడా పెండ్లిళ్లు, పేరంటాలు, బ్యాంకు, పట్టా పాసుపుస్తకం, ఇంటి పని. మా ఇంటామె ఇంతవరకు సముద్రం చూడలేదు. జుమేరా దిక్కు పని చేసినప్పుడు రోజూ సముద్రం ముంగట్నే ఉండె. ఫోటోలు పంపినం. "మంచిగున్నది" అని మెసేజ్ పెట్టేది.

ఇగ బండి సంగతి.

మళ్లీ డ్యూటీకి వచ్చినంక చిన్న పని ఉందని కొన్ని రోజులు హత్తాకు పంపిండ్రు. దుబాయ్ ఎమిరేట్‌దే గానీ ఒమన్ సరిహద్దు కాడ గుట్టల నడుమ ఉంటది, డ్యాం ఉంటది. అక్కడ చలికాలం కారవాన్లు చూసినం. బండిల్నే మంచం, పొయ్యి, బాత్రూం. బయట కుర్చీలేసుకొని అరబోళ్లు, తెల్లోళ్లు పిల్లలతోని కూసుంటరు. తాత, నాయనమ్మ, చంటిపిల్ల అందరూ ఒక్క కాడనే. మేము ఇన్నేండ్లు ఎంతోమందికి ఇండ్లు కట్టినం గానీ అట్ల కూసున్న కుటుంబాన్ని చూస్తే ఒక రకంగ అనిపించింది. ఆ రోజు ఫోటో తీసి ఇంటికి పంపితే అమ్మ చూసి అన్నది, "ఇదేం కొత్త? మనం కచ్రం కట్టుకొని మేడారం పోలేదా?"

నిజమే కదా. మా చిన్నప్పుడు మా దిక్కోళ్లు మేడారం జాతరకు ఎడ్లబండి మీద గూడు కట్టుకొనే పోయేటోళ్లు. గంజులు, బియ్యం, కోళ్లు, పరుపు, పిల్లలు అన్నీ అండ్లనే. రాత్రి ఎక్కడ చీకటైతే అక్కడ ఎడ్లు ఇడిసి పొయ్యి పెట్టేది. జంపన్న వాగుల తానం, బండి కింద పండుకునుడు. అరబోళ్ల కారవాను మనకు ఎప్పట్నుంచో ఉన్నది. ఇంజను లేదు అంతే.

కారవాన్ కిరాయి అడిగి చూసినం. మన అసోంటోళ్లకు కాదు. బండి కొని సీట్లు పీకి మంచాలేద్దామా అనుకుంటే, ఇష్టమొచ్చినట్టు బండిని మార్చొద్దు, ఆర్టీఓ అనుమతి కావాలె. లేకుంటే రేపు ఏదన్న అయితే ఇన్సూరెన్సు కొట్లాట. బామ్మర్దికి టెంపో ట్రావెలర్ ఉంది, పెండ్లి పార్టీలకు తిప్పుతడు. పుష్య మాసంల పెండ్లిళ్లు ఉండవు, బండి ఖాళీగ ఉంటది. సంక్రాంతికి బడికి సెలవులు. రెండూ కలిసినయి. డీజిలు మనది, ఆ నెల కిస్తీ మనది, డ్రైవింగ్ వానిది. పసుపు బోర్డు బండి కాబట్టి ఆంధ్రాకు పర్మిటు, ట్యాక్సు ముందే చూసుకొమ్మని వానికి చెప్పినం. మంది ఐదుగురం, డ్రైవర్‌తోని ఆరుగురం. సీట్లు వెనక్కి వంగుతయి. పగలు నడుము వాల్చనీకి బండి, రాత్రి సత్రం లేకుంటే హరిత హోటల్. ఐదు కిలోల చిన్న సిలిండరు, ఒక పొయ్యి. వంట మాత్రం బండి ఆపి, దిగి, బయట్నే. బండి లోపల మంట పెట్టుడు లేదు. సైటుల సేఫ్టీ చెప్పే మనుషులం, అది మరవొద్దు కదా.

ఇంటామె ఒప్పుకోలేదు. రూముల చిట్టీ ఎత్తిన పైసలు ఉన్నయి. "ఆ పైసలతోని పై స్లాబు వేయిద్దాం. లేకుంటే బిడ్డ ఇంటర్ అయితున్నది, ఫీజుకు ఉంచుదాం. దారిల నీకు ఏమన్న అయితే నేను ఎవరికి చెప్పుకోవాలె?" అన్నది. తప్పేం లేదు ఆమె మాటల. నెల రోజులు ఇదే లొల్లి. మేము గట్టిగ మాట్లాడుడు, ఆమె ఫోను పెట్టేసుడు.

చివరికి ఒక ఆదివారం ఇంకొక సంగతి చెప్పేసినం. స్టెంటు పడ్డది ఒక నరానికి. ఇంకో నరంల సగం దాకా అడ్డం ఉంది, దానికి ఇప్పుడు స్టెంటు అక్కర్లేదు, మందులు, నడక, పరీక్షలతోనే చూద్దామన్నరు. అది మేము ఏడాది సంది దాచినం. ఆమె రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు ఆమెనే చేసింది. తిడుతదనుకున్నం. "రోజుకు ఎన్ని కిలోమీటర్లు పోతం?" అని అడిగింది. తర్వాత ఆమె షరతు పెట్టింది. ఫైలు ఆమె చేతిల ఉండాలె. గోలీల డబ్బ ఆమె చేతిల ఉండాలె. డాక్టరు వద్దంటే ప్రయాణం బంద్, మళ్లీ మాట్లాడుడు లేదు. ఒప్పుకున్నం.

డాక్టరును అడిగినం. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ చేసి పొమ్మన్నడు. రక్తం పల్చబడే గోలీలు రెండు ఇచ్చేటోళ్లు, ఏడాది దాటినంక ఒకటి ఆపిండు, ఇంకోటి మానొద్దన్నడు. ఇది మీరందరూ గుర్తు పెట్టుకోవాలె: స్టెంటు పడ్డంక ఆ గోలీలు మీ అంతట మీరు ఆపితే స్టెంటుల్నే రక్తం గడ్డ కట్టొచ్చు. పల్లు పీకిచ్చుకోవాలన్నా ముందు గుండె డాక్టరుకు చెప్పాలె. బాగనే ఉన్నం కదా అని ఆపినోళ్లను మేము చూసినం.

ప్లాను సైటు పద్ధతిల్నే వేసినం. పనికి ముందు రిస్క్ అసెస్‌మెంట్ రాస్తం కదా, ఏం ప్రమాదం, ఎవరికి, ఏం చేయాలె అని. అదే కాయితం తీసుకొని ప్రయాణానికి నింపినం. రూముల పిల్లలు నవ్విండ్రు. నవ్వనీ.

దారి గోదారి పొంటి. మా ఊరు జగిత్యాల దిక్కు, ధర్మపురి నరసింహస్వామి కాడ గోదారిల మొదలు. ఆ నీళ్లు ఎక్కడ సముద్రంల కలుస్తయో అక్కడిదాక, అంతర్వేది. అక్కడ కూడా నరసింహస్వామే. ఒక నరసింహుని కాడ ఎక్కి ఇంకో నరసింహుని కాడ దిగుడు. ఈ ముచ్చట చెప్పంగనే అమ్మ సంచి సదురుకునుడు మొదలుపెట్టింది.

మొదటి రోజు ధర్మపురి, మంథని మీదికెల్లి కాళేశ్వరం. ప్రాణహిత వచ్చి గోదారిల కలిసేది అక్కడ్నే. రెండో రోజు మేడారం. 2026 జాతర జనవరి 28 నుంచి 31 దాకా. ఆ నాలుగు రోజుల జనంల ఈ గుండెతోని పోవుడు తెలివి కాదు. ముందుగనే పోయి మొక్కు ఇచ్చేటోళ్లు చానామంది ఉంటరు, మేము వాళ్లతోనే. మేము దవాఖాన్ల ఉన్నమని తెలిసిన రోజు అమ్మ నిలువెత్తు బంగారం మొక్కింది, అంటే మనిషి బరువంత బెల్లం. అప్పటి బరువుకు 86 కిలోలు కావాలె. ఇప్పుడు 72 చాలు. బెల్లం ధర చూసి అమ్మ, "తల్లులే నిన్ను సన్నం చేసిండ్రు" అన్నది. కోడి కూర కూడా ఉంటది. మాకు తోలు లేకుండ నాలుగు ముక్కలు, పులుసు లేదు. ఇది కూడా ఇంటామె కాయితంల రాసింది.

మూడో రోజు రామప్ప. మేము కాంక్రీటు పని చేసేటోళ్లం కాబట్టి ఇది చూడాలని ఎప్పట్నుంచో ఉంది. 1213 నాటి గుడి, కాకతీయులప్పటిది. పునాదిల ఇసుక పోసి దాని మీద కట్టిండ్రు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లల్ల తేలుతయి, పైన బరువు తగ్గాలని. 2021 ల యునెస్కో గుర్తింపు వచ్చింది. కట్టించినోళ్ల పేరు కాకుండ చెక్కిన శిల్పి రామప్ప పేరు మీద పిలుస్తరంటరు. మనం ఇక్కడ ఎన్ని బిల్డింగులు లేపినం, మన పేరు ఎక్కడన్న ఉందా? కొడుకుకు ఆ గుడి చూపియ్యాలె. వాడు ఏడో తరగతి. "నాన్న ఏం పని చేస్తడు" అంటే "దుబాయ్" అంటడు. దుబాయ్ పని కాదురా అని అక్కడ చెప్పాలె.

నాలుగో రోజు ఏటూరునాగారం, మంగపేట మీదికెల్లి భద్రాచలం. అడవి దారి, ఫోను సిగ్నలు కొన్ని కాడ ఉండదు. అందుకే కాయితంల ఎర్ర పెన్నుతోని రాసినం: పొద్దున ఎక్కాలె, పొద్దుగూకక ముందే దాటాలె. ఐదో రోజు భద్రాచలంల పూర్తి విశ్రాంతి. ఆరో రోజు మారేడుమిల్లి ఘాటు వద్దనుకొని అశ్వారావుపేట దారిల రాజమండ్రి. కింద రైలు, పైన రోడ్డు ఉన్న బ్రిడ్జి మీద పోవాలని కొడుకు కోరిక. ఏడో రోజు రావులపాలెం, రాజోలు మీదుగ అంతర్వేది. తర్వాత రెండు రోజుల్ల వాపస్.

రోజుకు 150 కిలోమీటర్లు దాటొద్దని ప్లాను, ఒకటి రెండు రోజులు కొంచెం ఎక్కువ అయితది. వాపస్ వచ్చేటప్పుడు మాత్రం ఎక్కువే, అందుకే ఆ రెండు రోజులు గంటన్నరకోసారి బండి ఆగాలె, దిగి పది నిమిషాలు నడవాలె. రాత్రి ప్రయాణం అసలే లేదు. ప్రతి మజిలీకి గుండె చూసే పెద్ద దవాఖాన ఎక్కడుందో ముందే రాసి పెట్టినం: కరీంనగర్, వరంగల్, ఖమ్మం, రాజమండ్రి, కాకినాడ. అంబులెన్సు రెండు రాష్ట్రాల్ల 108, హైవే మీద అయితే 1033. గోలీలు రెండు సంచుల్ల, ఒకటి పోయినా ఇంకోటి ఉండాలె. కావాల్సిన దానికంటే పది రోజులయి ఎక్కువ. డిశ్చార్జి కాయితం, స్టెంటు కార్డు, పాత ఈసీజీ ఫోటోలు ముగ్గురి ఫోన్లల్ల. పాత ఈసీజీ ఉంటే కొత్త డాక్టరుకు ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తది.

ఇంకో మాట, వాపస్ వచ్చేటప్పుడు. ఊర్లె ఒళ్లునొప్పులకు, దగ్గుకు ఇచ్చే కొన్ని మందులు ఇక్కడ తేవద్దు. ట్రామడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు అసోంటివి అనుమతి లేకుండ తెస్తే ఎయిర్‌పోర్టుల్నే కేసు అయితది. పక్కింటోళ్లు "మా వానికి ఇయ్యి" అని పొట్లం ఇస్తే విప్పి చూడకుండ పట్టుకోవద్దు. గుండె గోలీలకు చీటీ, కాయితం దగ్గర పెట్టుకోండి.

మొన్న ఆదివారం బోటిమ్‌ల టూల్‌బాక్స్ టాక్ పెట్టినం. పని మొదలుకాక ముందు లేబర్‌ను నిలబెట్టి చెప్తం కదా, అట్ల. ఇంటోళ్లందరూ ఫోను ముంగట. ఈసారి వీడియో ఆన్‌ల్నే ఉంది.

"నాన్నకు ఛాతీల నొప్పొస్తే ఎవరేం చేయాలె?"

బిడ్డ చెప్పింది: "నేను 108 కి చేస్తా. ఏ ఊరు దాటినమో చెప్తా."

బామ్మర్ది: "బండి పక్కకు తీస్తా."

ఇంటామె: "కూసోబెట్టి సార్బిట్రేట్ నాలుక కింద పెడతా. నిలబడనియ్య."

కొడుకును మరిచినం. వాడే అడిగిండు, "మరి నేనేం చేయాలె?" మాకు ఏం చెప్పాలో తోచలేదు. పన్నెండేండ్ల పిల్లగానికి ఏ పని చెప్తం? అమ్మ పక్క నుంచి అన్నది, "నువ్వు నా చెయ్యి పట్టుకో బిడ్డా. నాకు భయమైతది." వాడు సరే అన్నడు. రాసుకున్నడు కూడా. మా కాయితంల ఆఖరు లైను అదే ఉంది ఇప్పుడు: నాయనమ్మ చెయ్యి – చిన్నోడు.

లైను కట్ చేసినంక బాత్రూంల నల్లా ఇప్పుకొని కొంచెంసేపు ఉన్నం. రూముల మనుషులు ఉన్నరు కదా.

పై స్లాబు ఇంకో ఏడాది ఆగుతది. బిడ్డ ఫీజుకు తీసి పక్కకు పెట్టినంకనే మిగిలిన పైసలతోని పోతున్నం. ఇది తప్పు ఖర్చు అనేటోళ్లు ఉన్నరు, కావచ్చు. మళ్లీ వాపస్ వస్తరా, ఇంటికాడ్నే ఉంటరా అని కూడా అడుగుతున్నరు. వీసా ఉంది, అప్పు కొంచెం ఉంది, వస్తం. ఎన్నేండ్లు అనేది మాత్రం ఈసారి ఇద్దరం కూసొని మాట్లాడతం. ఫోన్‌ల కాదు, సముద్రం కాడ.

మీకు చెప్పేది ఎక్కువ లేదు. ఛాతీల బరువు, దవడ గుంజుడు, చల్ల చెమట వస్తే గ్యాస్ అని కూసోకండి, 998 కొట్టండి. నలభై దాటినోళ్లు బీపీ, షుగరు చూపిచ్చుకోండి. ఇన్సూరెన్సు కార్డు ఉందా లేదా కంపెనీని అడగండి. షార్జా, అజ్మాన్ దిక్కు ఉన్నోళ్లకు కూడా 2025 జనవరి నుంచి తప్పనిసరి అయింది. ఇంకోటి, ఇంటికి దాచకండి. దాచితే వాళ్లు భయపడరనుకుంటం. భయపడతరు, మన తోడు లేకుండ భయపడతరు, అంతే.

ఆ దారిల పోయినోళ్లు ఉంటే సత్రాలు ఎక్కడ మంచిగుంటయో, భద్రాచలం నుంచి రాజమండ్రి రోడ్డు ఎట్లుందో చెప్పండి. జనవరిల అంతర్వేది నుంచి ఫోటో పెడతం. ఆ రోజు పెట్టకపోతే సిగ్నలు లేదనుకోండి, వేరే ఏం అనుకోకండి.